జానెడు పక్కకి

వెనకనుంచి ఎవరైనా మిమ్మల్నే చూస్తూ ఉంటే... మీకు తెలుస్తుందా?

తొందరపడకండి, ఆలోచించి చెప్పండి. చిట్టీ, నువ్వు తెలుస్తుందంటున్నావు. బుడ్డోడా, నువ్వో? తెలీదా? సరే, ఇద్దరికీ చెరో అర మార్కు. మిగతా అర కథ అయ్యాక.

నేను బడిలో ముప్పై రెండేళ్ళు పాఠాలు చెప్పాను కదా. నల్లబల్ల మీద రాస్తూ రాస్తూ, వెనక్కి తిరక్కుండానే, "మూడో బెంచీలో చివరివాడా, కిటికీ బయట ఏముందిరా?" అనేదాన్ని. వాడు హడలిపోయేవాడు. టీచరమ్మకి వీపున కళ్ళున్నాయని బడంతా చెప్పుకునేవాళ్ళు. అసలు సంగతేమిటంటే, నల్లబల్ల పక్కన అద్దాల బీరువా ఒకటి ఉండేది. అందులో గది మొత్తం కనబడేది.

పరీక్ష కూడా పెట్టాను ఒకసారి. ఒక పిల్లని ముందు నిలబెట్టి, వీపు మా వైపు తిప్పించి, ఒకసారి అందరం చూశాం, ఒకసారి కళ్ళు మూసుకున్నాం. చూస్తున్నామో లేదో చెప్పమన్నాను. ఇరవై సార్లలో పదకొండు సార్లు సరిగ్గా చెప్పింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. కళ్ళు మూసుకుని గుడ్డిగా చెప్పినా పది వస్తాయర్రా అన్నాను. మొహాలు మాడ్చుకున్నారు.

కాబట్టి నన్నడిగితే, చూపు తగలదు. వినపడే శబ్దం తగులుతుంది, వాసన తగులుతుంది, కదలిక కంటపడుతుంది. చూపు ఉత్తిదే.

మా నాన్న మాత్రం ఒప్పుకునేవాడు కాదు. మీకు ముత్తాత ఆయన. రంపపు మిల్లులో రంపాలకి పదును పెట్టే పని. సెలవు రోజున తుపాకీ పట్టుకుని అడవి అంచుకి పోయేవాడు. ఆయనకి ఒకటే సూత్రం — జంతువుని ఎప్పుడూ సూటిగా చూడకూడదు. సూటిగా చూశావా, దానికి తగులుతుంది. మేస్తున్నది టక్కున తలెత్తుతుంది. అందుకని మన ఎడమ చేతి వైపు, దానికి జానెడు దూరంలో ఉన్న ఆకునో రాయినో చూస్తూ ఉండాలి. జంతువు కంటి అంచున కనబడుతూ ఉంటుంది. తుపాకీ గురి కుదిరాక, ఆఖరి క్షణంలో మాత్రం చూపు జానెడు జరపాలి. అంతే.

వేటలో అలవాటైనది ఇంట్లోకీ వచ్చేసింది. ఆయన ఎవరి మొహంలోకీ చూసేవాడు కాదు. నాతో మాట్లాడుతూ నా చెవి పక్కన గోడని చూసేవాడు. ఊళ్ళో ఆయన్ని అందరూ పక్కచూపు అనేవాళ్ళు. మా అమ్మకి ఒళ్ళు మండేది. "పక్కచూపుల మొగుడని నలుగురూ నవ్వుతున్నారు. పదిహేనేళ్ళ కాపురంలో నా ముక్కు వంకరో తిన్ననో కూడా తెలీదు ఈయనకి" అనేది. నాన్న ఆమె భుజం పక్కన ఉన్న తలుపుని చూసి నవ్వేవాడు.

ఇక కథ జరిగిన చోటు సంగతి.

ఊరికి బయట రాళ్ళ గుంట ఉండేది. పూర్వం అక్కడ రాయి కొట్టేవారు. అడుగున ఊట పడి పని ఆగిపోయింది. గుంట నిండి చిన్న చెరువంత అయింది. ఒడ్డున కాపలావాడి గది ఒకటి అలాగే మిగిలిపోయింది. నాలుగు రాతి గోడలు, రేకు కప్పు. నీటి వైపు తలుపు లేని గుమ్మం, దాని పక్కనే రెక్కల్లేని పెద్ద కిటికీ.

ఆ గదికి మంచి పేరు లేదు.

ఎప్పుడో, ఒక వేటగాడు ఆ కిటికీ దగ్గర కూర్చున్నాడట. అవతలి ఒడ్డున అతని తోడల్లుడు తుపాకీతో ఉన్నాడట. ఇతను అక్కడికి వస్తానని చెప్పలేదు. వేరే చోట ఉండాల్సినవాడు, చెప్పకుండా చోటు మార్చాడు. కిటికీలో నల్లగా ఏదో కదిలింది... తోడల్లుడు పేల్చాడు. వెళ్ళి చూస్తే, పడి ఉన్నది పంది కాదు.

అప్పట్నుంచీ ఆ ఒడ్డున జంతువులు నీళ్ళు తాగవని చెప్పుకునేవారు. అది నేనూ చూశాను, పగటిపూట. మిగతా మూడు ఒడ్ల మీదా బురదలో గిట్టల గుర్తులు కుప్పలుగా ఉండేవి. గది ముందు మాత్రం ఒక్కటీ ఉండేది కాదు. అక్కడ బురద నున్నగా, అలికినట్టు ఉండేది.

"ఎందుకు తాగవు నాన్నా?" అని అడిగాను.

"ఎవరో చూస్తున్నారని వాటి అనుమానం" అన్నాడు నాన్న, నా చెవి పక్కన చెట్టుని చూస్తూ. తర్వాత తనే నవ్వాడు. "రేకు కప్పు తళుక్కుమంటుంది కదా, అందుకు. జనం మాటలకేం."

నాకు పదేళ్ళప్పుడు ఒక అడవి పంది మదమెక్కి తిరిగింది. దుంపల తోటలు దున్నేసింది. పాలు పోసే పెద్దమ్మని పొద్దున్నే దారిలో పడగొట్టి కాలు విరగ్గొట్టింది. ఆమె ఇక జన్మలో లేచి నడవలేదు. ఇంకెవరి మీద పడుతుందోనని జనం పిల్లల్ని బడికి పంపడం మానేశారు. అందరూ మా నాన్న దగ్గరికే వచ్చారు.

ఆయన చేతికి చూస్తే కట్టు. మిల్లులో రంపం పళ్ళకి కుడి బొటనవేలు తెగింది. తుపాకీ పట్టలేడు.

అందుకని తుపాకీ మామయ్య పట్టాడు. మామయ్యంటే మా అమ్మ తమ్ముడు. అదే మిల్లులో చెక్కలు కోసేవాడు. ఆ హోరుకి చెవులు పోయాయి. పక్కన నిలబడి అరిస్తే సగం వినబడేది, మిగతా సగం ఊహించుకునేవాడు. వేటలో నాన్నకి శిష్యుడు. అప్పటిదాకా ఒంటరిగా తుపాకీ పట్టింది లేదు.

ఏర్పాటు ఇదీ. మామయ్య గుంటకి అవతల రాళ్ళ కుప్ప మీద తుపాకీతో కూర్చుంటాడు. నాన్న ఇవతల, గదికి చాలా దూరంగా, పాత గోతిలో రేకు డబ్బా పట్టుకుని కూర్చుంటాడు. పంది ఇటు తిరిగితే డబ్బా వాయించి దాన్ని మామయ్య వైపు మళ్ళిస్తాడు. నాన్న గోతిలోనే ఉంటాడని మామయ్యకి తెలుసు. గదిలో ఎవరూ ఉండరనీ తెలుసు.

"ఏది కదిలినా కాల్చు. ఆలోచించావా, అది నీ మీదుంటుంది" అని నాన్న మామయ్య చెవిలో అరిచి చెప్పడం నేను విన్నాను.

అమ్మ గుమ్మంలో నిలబడి తమ్ముడితో, "ఒరేయ్, మీ బావని తీసుకెళ్ళినట్టే తీసుకురా" అంది. ఆయనకి ఏం వినబడిందో, "భోజనం తర్వాత చేస్తాంలే అక్కా" అన్నాడు.

ఇక్కడినుంచి జరిగింది నాన్న నోట విన్నది. ఆయన నాకు ఒక్కసారే చెప్పాడు.

పొద్దు వాలుతుండగా ఇద్దరూ చెరో ఒడ్డుకీ వెళ్ళారు. నాన్న గోతిలో దిగి కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఎగిరి పైకొచ్చాడు. గోతినిండా ఎర్రచీమలు. ఒళ్ళు దులుపుకుంటూ చుట్టూ చూశాడు. కూర్చోవడానికి ఇంకో మరుగు లేదు... ఆ గది తప్ప.

ముందు అక్కడ సామాను పెట్టి, తర్వాత చుట్టూ తిరిగి వెళ్ళి మామయ్యకి చెప్పొద్దాం అనుకున్నాడు. ఐదు నిమిషాల పని.

గదిలో కిటికీకి ఎదురుగా నేల మీద కూర్చుని, చీమలు కుట్టిన కాళ్ళు రుద్దుకున్నాడు. చలిగా ఉందని నల్ల కంబళి తల మీదనుంచి కప్పుకున్నాడు. ఇంతలో పొదల్లో గుర్రుమన్న శబ్దం. పంది దగ్గర్లోనే ఉంది. ఇప్పుడు బయటికి నడిచి వెళ్తే ఎదురుపడుతుంది. కాసేపు ఆగుదాం అనుకున్నాడు.

ఆ కాసేపట్లో చీకటి పడింది.

తర్వాత చంద్రుడు వచ్చాడు. అవతలి చెట్ల మీదుగా లేచి, తిన్నగా ఆ కిటికీలోకి వెలుగు పోశాడు. నాన్న మోకాళ్ళ మీద వెన్నెల... కంబళి మీద వెన్నెల.

అప్పుడు తట్టింది ఆయనకి.

కంబళి కప్పుకుని ముడుచుకుని కూర్చున్న మనిషి, అరవై అడుగుల నీళ్ళకి అవతలినుంచి ఎలా కనబడతాడు? ఒక నల్ల ముద్దలా. పందిలా. పాత కథలో ఆ వేటగాడు కూర్చున్న చోటే, అతను చేసిన తప్పే చేసి కూర్చున్నాడు ఈయన.

"ఒరేయ్, నేనురా!" అని అరిచాడు.

మామయ్యకేం వినబడుతుంది? కానీ అరిచినప్పుడు తల కదిలింది. అవతలి రాళ్ళ కుప్ప మీద సన్నని మెరుపు ఒకటి... నెమ్మదిగా లేచింది. తుపాకీ గొట్టం. లేచి, సరిగ్గా కిటికీ వైపు తిరిగి, ఆగింది.

నాన్న బిగుసుకుపోయాడు.

ఏం చెయ్యాలి? మీరే చెప్పండి. పక్కకి ఒరిగితే? కదలిక. లేచి చేతులూపితే? కదలిక. అగ్గిపుల్ల గీస్తే? చీకట్లో ఎర్రటి చుక్క, అచ్చం పంది కన్ను. డబ్బా వాయిస్తే? వినేవాడు లేడు, చెయ్యి మాత్రం కనబడుతుంది. ఏది కదిలినా కాల్చమని చెప్పింది ఎవరు? తనే. ఆలోచించొద్దని చెప్పింది? అదీ తనే. తను నేర్పిన పాఠం అంత బాగా వంటబట్టించుకున్న శిష్యుడు అవతల కూర్చుని ఉన్నాడు.

ఊపిరి కూడా సగం సగం తీసుకున్నాడట. మెరుపు అలాగే ఉంది. వేలు ఒక్కటి బిగిస్తే చాలు...

అప్పుడు తగిలింది.

కుడి చెంప మీద.

ఎవరో చూస్తున్నట్టు. "చలికాలం పొద్దున ఎండ ఒక పక్కే పడితే ఎలా ఉంటుంది, అలా ఉందమ్మా. కానీ వెచ్చగా లేదు" అన్నాడు నాన్న. ముందు ఉన్న తుపాకీ చూపు అయితే నుదుటి మీద తగలాలి. ఇది పక్కనుంచి. చాలా దగ్గరనుంచి. కుడి పక్కన ఉన్నది ఉత్త గోడ.

తల తిప్పి చూడొచ్చు కదా?

తిప్పితే కదలిక. మామయ్య కాలుస్తాడు. తిప్పకపోతే... పక్కన ఏముందో తెలీదు. మెడ బిగబట్టుకుని, కళ్ళు మాత్రం ముందుకి పెట్టుకుని, అలాగే కూర్చున్నాడు. జన్మలో మొదటిసారి ఆయనకి అర్థమైంది, తను అన్నేళ్ళు అమ్మనీ, మమ్మల్నీ ఎలా కంటి అంచున కూర్చోబెట్టాడో.

ఎంతసేపో తెలీదు. వెన్నెల మోకాళ్ళ మీదనుంచి పాదాల మీదకి దిగింది. మెరుపు కిందికి వాలిందో, మబ్బు అడ్డొచ్చిందో... కనబడటం మానేసింది. అయినా కదలడానికి ధైర్యం చాలలేదు.

అప్పుడొచ్చింది పంది.

అవతలి ఒడ్డున, సరిగ్గా మామయ్య కూర్చున్న రాళ్ళ కుప్ప కింద. వచ్చి మూతి నీళ్ళలో పెట్టింది. మామయ్య పైన ఉన్నాడు, చెవులు లేవు, చూపేమో ఎటో ఉంది. నాన్న తన సూత్రం ప్రకారం పందిని చూడలేదు. జానెడు పక్కన నీటి అంచుని చూశాడు. గాలి పంది మీదనుంచి ఇటు వీస్తోంది, వాసన పోదు. ఈయన కదల్లేదు, శబ్దం లేదు.

పంది టక్కున తలెత్తింది.

నీళ్ళు కారుతున్న మూతితో గది వైపు చూసింది. నాన్న వైపు కాదు. కాస్త పక్కకి... కుడి పక్కకి. ఒళ్ళంతా ఒక్కసారి జలదరించింది దానికి. వెనక్కి తిరిగి, పొదలు విరుచుకుంటూ పోయింది.

నాన్న కళ్ళు మూసుకున్నాడు. అంతకన్నా ఆయన చెయ్యగలిగింది లేదు.

తెల్లారి, వెలుగు బాగా వచ్చాక, అడుగుల చప్పుడు వినబడింది. మామయ్య గుంట చుట్టూ తిరిగి వస్తున్నాడు. నాన్న మెల్లిగా తల తిప్పాడు. కుడి పక్కన గోడ. నేల మీద దుమ్ము. ఏమీ లేదు. మామయ్య చెయ్యందించి లేపాడు.

"ఏం బావా, గోతిలో ఉంటానని ఇక్కడ కూర్చున్నావు? నీ ప్రాణం పోయేది" అన్నాడు. "గురి పెట్టేశాను. కిటికీలో నల్లగా కదిలింది, పందే అనుకున్నాను. నువ్వు చెప్పినట్టే సూటిగా చూడకుండా, జానెడు ఎడమకి చూపు పెట్టాను. అక్కడ మనిషి తల కనబడింది. ముక్కు, గడ్డం, అన్నీ తేటగా. ఓహో, మనుషులా అని తుపాకీ దించేశాను. చూపు ఎడమకి పెట్టకపోయి ఉంటే..."

నాన్న మళ్ళీ ఒకసారి కుడి పక్క గోడని చూశాడట.

"అది సరే, ఎవరు బావా అతను? ఎక్కడికి పోయాడు? వేటకి కొత్తా?" మామయ్యకి కోపంగా ఉంది. "రాత్రంతా సూటిగా నిన్నే చూస్తూ కూర్చున్నాడు. రెప్ప వెయ్యడు, తల తిప్పడు. అలా చూసేవాణ్ణి వేటకి తెస్తే ఏ జంతువు వస్తుంది? అతన్ని చూస్తూ చూస్తూ నేనూ పంది సంగతి మర్చిపోయాను."

ఏమ్మా చిట్టీ, చెయ్యెత్తావు. అడుగు.

"అమ్మమ్మా, కథ తప్పు. మామయ్య చూసింది ఎడమ పక్క. ముత్తాతకి తగిలింది కుడి చెంప. అక్కడ ఎవరూ లేనట్టే కదా?"

భలే పట్టావు. నేనూ ఇదే అడిగాను నాన్నని. లే. లేచి నాకు ఎదురుగా నిలబడు. నేను మామయ్యని, గుంటకి అవతల ఉన్నాను. నువ్వు ముత్తాతవి, కిటికీలో ఉన్నావు. ఇదిగో, నా ఎడమ చెయ్యి చాపుతున్నాను. ఇప్పుడు నీ పక్కన, నా చెయ్యి ఎటు ఉందో అటు నీ చెయ్యి ఎత్తు.

ఏ చెయ్యి ఎత్తావు?

...కూర్చో. కూర్చో, భయం లేదు. బుడ్డోడా, అక్కకి కాస్త చోటివ్వు.

పంది ఏమైందో తెలీదు. మళ్ళీ మా వైపు రాలేదు. తుపాకీ మామయ్య చేతుల్లోనే ఉండిపోయింది, తర్వాత ఎవరికో ఇచ్చేశాడు. నాన్న ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి, మా అమ్మ మొహంలోకి సూటిగా చూశాడు. చూస్తూ నిలబడ్డాడు. అమ్మ కంగారుపడి చెంపలు తడుముకుంది. "ఏంటి, నా మొహానికి మసి అంటిందా?" అంది. "లేదు. ముక్కు తిన్నగానే ఉంది" అన్నాడు నాన్న. అమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియక లోపలికి వెళ్ళిపోయింది.

అప్పట్నుంచీ పోయేదాకా ఆయన అందర్నీ సూటిగానే చూశాడు. పక్కకి చూడటం పూర్తిగా మానేశాడు. ఎక్కడ కూర్చున్నా కుడి భుజం గోడకి ఆనించి, మధ్యలో వేలు దూరే సందు కూడా లేకుండా కూర్చునేవాడు.

"ఆ పక్కన కూర్చున్నాయన మంచోడా అమ్మమ్మా?" అంటున్నాడు బుడ్డోడు. తన ప్రాణం పోయినట్టు ఇంకొకరి ప్రాణం పోకుండా వచ్చి కూర్చున్నాడంటావా? నాకు తెలీదు నాన్నా. మా నాన్నకీ తెలీదు. "కాపాడటానికి చూశాడో, తోడు కావాలని చూశాడో... నేను అటు తిరగలేకపోయాను కదమ్మా" అన్నాడు.

టీచర్ని కదా, చెప్పాల్సింది చెప్తాను. వెన్నెల్లో రాతిగోడ మీద చెమ్మ మరకలు మనిషి మొహంలా కనబడతాయి. రాత్రంతా బిగుసుకుని కూర్చుంటే చెంపలు తిమ్మిరెక్కుతాయి. భయంలో ఉన్నవాడికి ఏ స్పర్శ అయినా చూపులాగే ఉంటుంది. ఇవన్నీ సరిపోతాయి. మనుషులిద్దరి మాటా కొట్టి పారేయొచ్చు. పంది ఒక్కటే నాకు లెక్క తేలలేదు. దానికి ఆ కథ ఎవరూ చెప్పలేదు కదా.

మిగతా అర మార్కు ఎవరికివ్వాలో నాకింకా తెలీదు. మీరిద్దరూ అలాగే ఉంచుకోండి.

సరే, నేను వస్తాను. పెరట్లో తీగ మీద బట్టలు సగమే తీశాను, మిగతావి మంచుకి తడిసిపోతాయి. లేదు, దీపం అక్కర్లేదు, బయట వెన్నెలుంది. మీరు ఇక్కడే కూర్చోండి. భయమైతే కిటికీలోంచి నన్ను చూస్తూ ఉండండి, నేనేమీ అనుకోను.

కానీ సూటిగా నన్నే చూడండి. జానెడు పక్కకి మాత్రం చూడకండి.